సోమవారం బోన్ స్కాన్‌లో థైరాయిడ్, పొట్ట కనబడుతున్నాయి: లోపం జనరేటర్‌దా, కిట్‌దా?

స్కాన్‌రూమ్: శుక్రవారం ఉదయం జనరేటర్ (మాలిబ్డినం క్షీణించి పుట్టే రేడియోధార్మిక టెక్నీషియం ఇచ్చే పరికరం) ఎల్యూట్ చేశాక, అంటే సెలైన్‌తో కడిగి టెక్నీషియం తీశాక, మళ్లీ సోమవారం ఉదయమే. ఆ మొదటి ఎల్యూట్‌తో కలిపిన ఎండీపీ (టెక్నీషియంని ఎముకకి చేర్చే కిట్ మందు) ఇచ్చినవాళ్లకి థైరాయిడ్, లాలాజల గ్రంథులు, పొట్ట కనబడుతున్నాయి. మంగళవారం అదే బ్యాచ్ కిట్ శుభ్రంగా వస్తోంది. డోసు 20 మిల్లీక్యూరీలు, ఇమేజింగ్ 3 గంటలకి. ఎల్యూట్‌లోకి మాలిబ్డినం దిగుతోందా?

గామా140: మాలీ కాదండీ. అదైతే కాలేయంలో చేరుతుంది. మీరు చూస్తున్నది పర్‌టెక్నెటేట్, అంటే ఎండీపీకి అంటుకోకుండా విడిగా మిగిలిన టెక్నీషియం. అయినా మాలీ పరీక్ష మానకండి: ఇంజెక్షన్ వేళకి మిల్లీక్యూరీ టెక్నీషియంకి 0.15 మైక్రోక్యూరీ దాటకూడదు. టెక్నీషియం 6 గంటల్లో సగమైపోతుంది, మాలీకి 66 గంటలు పడుతుంది. అందుకే పొద్దున పాసైన వయల్ సాయంత్రానికి ఫెయిలవ్వచ్చు.

కాలమ్‌మేట్: అసలు సంగతి టెక్నీషియం-99. స్కాన్‌కి వాడే టెక్నీషియం-99ఎమ్ క్షీణించి అదే అవుతుంది. కెమెరాకి కనబడదు గానీ రసాయనికంగా రెండూ ఒకటే, కిట్‌లోని స్టానస్ టిన్‌ని (టెక్నీషియంని రెడ్యూస్ చేసి మందుకి అంటుకునేలా చేసేది) రెండూ తింటాయి. 24 గంటలకి ఎల్యూట్ చేస్తే మొత్తం టెక్నీషియం అణువుల్లో 99ఎమ్ దాదాపు 28 శాతం. 72 గంటలకి 8 శాతం కూడా ఉండదు. అంటే అంతే మిల్లీక్యూరీలకి మూడున్నర రెట్ల అణువులు పోస్తున్నారన్నమాట. మెదడు స్కాన్‌కి వాడే హెచ్ఎంపీఏఓ కిట్‌లో టిన్ బాగా తక్కువ కాబట్టి 24 గంటల్లోపు ఎల్యూట్ చేసిన జనరేటరే వాడమంటారు. ఎండీపీలో మాత్రం టిన్ కొంచెం ధారాళంగానే ఉంటుంది. ఇది ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను, గాలి కూడా దూరుతుండాలి.

స్ట్రిప్‌టెస్ట్: అవును, సిరంజి చూడండి. పోసిన సెలైన్ ఎంతో అంత గ్యాస్ వయల్‌లోంచి వెనక్కి లాగాలి. గాలి బుడగ తోయకూడదు, రెండో సూది గుచ్చి వెంట్ పెట్టకూడదు. ఆక్సిజన్ టిన్‌ని పాడుచేస్తుంది. డోసు తీసిన ప్రతిసారీ కాస్త గాలి లోపలికి పోతుంది కాబట్టి మధ్యాహ్నం డోసులు ఇంకా అధ్వాన్నం.

ఇంజెక్ట్ చేసేముందు ఐటీఎల్‌సీ స్ట్రిప్ (క్రోమటోగ్రఫీ పట్టీ) అడుగున కలిపిన మందు చుక్క పెట్టి అసిటోన్‌లో నిలబెట్టి పరీక్షించండి. అసిటోన్ మట్టం చుక్క కిందే ఉండాలి. చుక్క ఆరేదాకా ఆగితే అక్కడే ఆక్సిడైజ్ అయి లేని లోపం చూపిస్తుంది, పెట్టిన వెంటనే దించండి. ఫ్రీ పర్‌టెక్నెటేట్ పైకి పోతుంది. సగానికి కత్తిరించి విడివిడిగా కౌంట్ చేయండి: పైముక్క 1,200, మొత్తం 10,000 అయితే ఫ్రీ 12 శాతం. ఎండీపీకి కట్టుబడింది 90 శాతానికి తగ్గినట్టే, పారేయండి. చుక్క పెద్దదైతే వెల్ కౌంటర్ (ముక్కల రేడియేషన్ లెక్కించే పరికరం) ఉక్కిరిబిక్కిరై లెక్క తప్పుతుంది.

స్కాన్‌రూమ్: ఆదివారం ఎల్యూట్ చేయడానికి మనుషుల్లేరు. పేషెంట్లు 8కే వస్తారు.

కాలమ్‌మేట్: అయితే సోమవారం తెల్లవారుజామున 4కో 5కో ఒకసారి ఎల్యూట్ చేయండి. ఆ వయల్ థైరాయిడ్ స్కాన్లకి ఉంచండి, వాటికి పర్‌టెక్నెటేటే కావాలి, టిన్‌తో పనిలేదు. ఆ తర్వాత 4 గంటలు గడిచేసరికి జనరేటర్‌లో టెక్నీషియం మళ్లీ గరిష్ఠంలో దాదాపు 45 శాతానికి, 6 గంటలు గడిచేసరికి 60 శాతానికి పెరుగుతుంది. కిట్లు ఆ రెండో ఎల్యూట్‌తో కలపండి, బోన్ స్కాన్లు 10 తర్వాతకి జరపండి. ఎల్యూషన్ అయ్యాక వాక్యూమ్ వయల్‌ని చివరిదాకా ఉంచి కాలమ్ (జనరేటర్‌లో మాలిబ్డినం ఉండే గొట్టం) ఆరనివ్వండి. సెలైన్ మిగిలితే రేడియేషన్‌కి టెక్నీషియం రెడ్యూస్ అయి కాలమ్‌కే అంటుకుంటుంది, ఈల్డ్ (బయటికొచ్చే టెక్నీషియం) పడిపోతుంది.