ప్రయోగం చేయలేనిది జ్ఞానం కాదా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

మా అమ్మాయి ఇంటర్‌లో ఎంపీసీ పూర్తిచేసి, డిగ్రీలో చరిత్ర చదువుతానంటోంది. నాకు అభ్యంతరం లేదు. కానీ మొన్న భోజనాల దగ్గర మా బావమరిది, ఆయన ఇంజనీరు, "ప్రయోగం చేసి తప్పో ఒప్పో తేల్చలేనిది జ్ఞానం ఎలా అవుతుంది? అది వట్టి అభిప్రాయం" అన్నప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. అమ్మాయి తల వంచుకుని కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఉద్యోగాల సంగతి అడగడం లేదు. మానవీయ శాస్త్రాలు చెప్పేదాన్ని సైన్సు చెప్పేదానితో సమానంగా జ్ఞానం అనవచ్చునా?

జవాబు 1 (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, పెదవాల్తేరు)

అయ్యా, అనవచ్చు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని మన పండితులు చాలాకాలం నమ్మారు. 1816లో మద్రాసులోని ఆంగ్ల అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జోడించిన పీఠికలో, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి ఆ నమ్మకం నిలవదని చూపాడు. ప్రయోగశాల లేకుండానే ఒక అభిప్రాయం తప్పని తేలింది. కన్నడంలో కివి అన్నది మనకు చెవి, కెరె చెరువు, కెడు చెడు, కిరు చిరు. ఇ, ఎ అచ్చుల ముందున్న పాత కకారం తెలుగులో చకారమైందన్నది ఒక సూత్రం. దానికి లొంగని మాట ఎదురైతే కారణం చూపాలి, చూపలేకపోతే సూత్రాన్నే సవరించుకోవాలి. ఇందులో ఇష్టాయిష్టాలకు చోటెక్కడ?

జవాబు 2 (భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని)

మాస్టారు చెప్పింది నిజమే, అయితే సైన్సును పోలినంత మేరకే మానవీయ శాస్త్రాలకు విలువ అన్న అర్థం అందులోంచి రాకూడదని నా కోరిక. ప్రకృతిని వివరిస్తాం, మనిషి అంతరంగాన్ని అర్థం చేసుకుంటాం అని జర్మన్ తత్వవేత్త విల్‌హెల్మ్ డిల్టై తేడా చూపాడు. సైన్సు సాధారణ నియమాన్ని వెతికితే చరిత్ర ఒక్కసారే జరిగినదాన్ని పట్టుకుంటుందని 1894లో మరో జర్మన్ తత్వవేత్త విండెల్‌బాండ్ అన్నాడు. ఈ గీత మరీ సూటిగా ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే విశ్వం పుట్టుకా ఒక్కసారే జరిగింది. అయినా మన విశాఖ దగ్గర బౌద్ధారామ శిథిలాలున్న తొట్లకొండ ఎక్కినప్పుడు ఆ తేడా నాకు తెలిసివస్తుంది. కొండకు పేరు తెచ్చిన, రాతిలో తొలిచిన ఆ తొట్ల అంచున నిలబడితే కింద సముద్రం కనిపిస్తుంది. తొట్టిలో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో నేను లెక్కగట్టగలను. ఊరికి దూరంగా అంతమంది భిక్షువులు ఏ నియమాలకు కట్టుబడి బతికారో, వానాకాలంలో ఒకేచోట ఎందుకు ఉండిపోయేవారో తెలియాలంటే మాత్రం శాసనాలు, భిక్షువుల నియమావళి చెప్పే వినయ గ్రంథాలు చదవాలి. ఆ చదవడంలోనూ తప్పులుంటాయి, మరో శాసనం దొరికితే అవి బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇదంతా బావమరిదికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అలాగైతే కింద అన్న మాట చింద ఎందుకు కాలేదు?" అని అడిగాడు. అమ్మాయి వెంటనే నిఘంటువు తెచ్చి పాత రూపం 'క్రింద' అని చూపింది. నడుమనున్న ఆ రకారమే కకారాన్ని కాపాడిందా అని మాస్టారుగారిని అడగమంటున్నారు, ఇప్పుడు ఇద్దరూను.