‘వడపోత’ను ఎక్కడ వాడాలి?

ప్రశ్న (అనంతపురం నుండి): వేసవి జాగ్రత్తల కరపత్రం కోసం “ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఏడీహెచ్ హార్మోను మూత్రపిండాలలో వడపోతను తగ్గిస్తుంది” అని రాశాను (ఏడీహెచ్ ఒంట్లో నీటిని నిలిపే హార్మోను). వైద్యుడైన మిత్రుడొకరు ఈ వాక్యం తప్పన్నారు. పాఠ్యపుస్తకంలోని ‘గుచ్ఛగాలనం’ (మూత్రపిండంలోని సన్నని రక్తనాళాల గుత్తి, అంటే గుచ్ఛం, రక్తాన్ని వడపోయడం) వాడకపోవడమే నా పొరపాటా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం (కడప నుండి): కాదండీ. గాలనమన్నా వడపోతన్నా ఒకటే. ‘వడియు’ అంటే బొట్లుబొట్లుగా కారడం. వడియగట్టడం, వడపోయడం ఆ కుదురులోనివే. (మీ కరపత్రంలోని వడదెబ్బకు దీనితో చుట్టరికం లేదు, ఆ ‘వడ’ వేడిమి.) మాట మంచిదే, పెట్టిన చోటే సరికాదు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తే అందులో మూత్రంగా బయటికి వచ్చేది ఒకటి రెండు లీటర్లే. తక్కినదంతా నాళికల గోడల గుండా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఏడీహెచ్ ముఖ్యంగా పనిచేసేది ఈ రెండో దశలో, చివరనున్న సంగ్రహణ నాళాలలో నీటికి దారులు తెరిపిస్తూ. వంటింట్లో వడగట్టి కిందికి దిగినదానిని మళ్లీ పైకి తీసుకునే పని ఎవరూ చేయరు కాబట్టి దానికి మనకు నోటిమాట లేదు. అందుకే రెండు దశలకూ ‘వడపోత’నే వాడేస్తున్నాము.

వడపోతనే మార్చే హార్మోన్లు వేరు. రక్తపోటు పడిపోయినప్పుడు మూత్రపిండం విడుదల చేసే రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను తయారై, గుచ్ఛం నుండి రక్తం బయటికి పోయే అపవాహి ధమనికను ఎక్కువగా బిగిస్తుంది. కాలువకు దిగువన అడ్డం వేస్తే ఎగువన నీటిమట్టం నిలిచినట్లు, గుచ్ఛంలో ఒత్తిడి నిలిచి వడపోత కొంతవరకు సాగుతుంది. గుండె పైగదులైన కర్ణికల నుండి వచ్చే హార్మోను ఏఎన్‌పీ మాత్రం రక్తాన్ని లోపలికి తెచ్చే అభివాహి ధమనికను వెడల్పు చేసి వడపోతను పెంచుతుంది. ‘హార్మోన్’ అనే పేరును 1905లో వాడుకలోకి తెచ్చిన ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగే, 1896లో రక్తకేశనాళికల నుండి ద్రవం బయటికి రావడాన్ని ఒత్తిళ్ల లెక్కతో వివరించాడు. ఈ చర్చలోని రెండు మాటలూ ఒక్క మనిషి దగ్గర కలుస్తాయి.

ప్రశ్నించినవారు: అయితే “వడపోసిన నీటిని ఏడీహెచ్ తిరిగి రక్తంలో చేరేలా చేస్తుంది” అని మార్చుతాను. ‘పునఃశోషణ’ అనాలా?

కర్నూలు నుండి: కరపత్రానికి ‘తిరిగి పీల్చుకోవడం’ చాలు, పునఃశోషణను పరీక్ష రాసే పిల్లలకు వదిలేయండి. మీ పాత వాక్యంలోని “వడపోతను తగ్గిస్తుంది”ని కూడా పారేయకండి. ఒళ్లు ఎండిపోయినప్పుడు అభివాహి ధమనిక మూసుకుపోకుండా కాచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు వాటి తయారీని అడ్డుకుంటాయి, దాంతో ఆ ధమనిక బిగిసి వడపోత తగ్గుతుంది. ఎండలో పనిచేసి వచ్చి ఒంటినొప్పులకు ఆ మాత్ర వేసుకునేవారి గురించి రాసేటప్పుడు ఆ మాట అక్షరాలా సరిపోతుంది.