చర్చ: కొయ్య, లోహం, గుడ్డ, తోలు... పాత జానపద కళావస్తువుల వయసు ఎలా పట్టాలి, ఎలా దాచాలి?

పాతగూడు:
కొయ్య ముసుగులు, పోత బొమ్మలు, రంగులద్దిన గుడ్డ పటాలు, తోలుబొమ్మలు, రేకు మీద వేసిన మెక్సికో మొక్కుబడి చిత్రాలు... నా దగ్గర ఇలా రకానికి ఒకటీ రెండూ పోగయ్యాయి. ఒకే రకం సేకరించేవాళ్లకు ఆ పదార్థం చేతికి అలవాటైపోతుంది. నాకు ప్రతిసారీ కొత్తే. అమ్మేవాళ్లేమో అన్నిటికీ ‘వందేళ్ల నాటిది’ అనే చెబుతారు. మీరు దేన్ని చూసి నమ్ముతారు? అన్నీ ఒకే అద్దాల బీరువాలో పెట్టొచ్చా?

చెక్కపేడు:
కొయ్య సంగతి నేను చెబుతానండి. ముసుగైతే ముందు వెనక్కి తిప్పి చూడండి. నిజంగా కట్టుకుని ఆడినదైతే నుదురు, ముక్కు, గడ్డం తగిలే చోట్ల నునుపెక్కి, చెమటకు నల్లబడి ఉంటుంది. తాడు కట్టే రంధ్రం తాడు లాగే వైపే అరుగుతుంది. పాతదిగా కనిపించాలని గరుకు కాగితం పట్టినదాంట్లో, ఎవరి చెయ్యీ తగలని మూలలు కూడా అంతే అరిగి ఉంటాయి. నా దృష్టిలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

పురుగు రంధ్రాలను చూసి మాత్రం మురిసిపోకండి, డ్రిల్లుతో వేసేవాళ్లున్నారు. చెక్క విరిగిన చోట ఉంటే గమనించండి: పురుగు తొలిచిన దారి లోపల వంకర్లు పోతుంది, డ్రిల్లు తిన్నగా దిగుతుంది. రంధ్రం లోపల లేత రంగులో ఉండి, కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. అలాంటిదాన్ని మిగతావాటి పక్కన పెట్టొద్దు. రంగులు వేయని చెక్కయితే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచొచ్చు. తీశాక ఒక రోజు కవర్ విప్పకండి, చెమ్మ వస్తువు మీదికి చేరుతుంది. రంగు పెచ్చులూడుతుంటే ఈ పద్ధతి వద్దే వద్దు.

నీలిపోగు:
గుడ్డ పటాల దగ్గర రంగులే ఆధారం. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మొదటి కృత్రిమ ఊదా రంగును 1856లో కనిపెట్టాడు. కృత్రిమ నీలిమందు 1897లో మార్కెట్లోకి వచ్చింది. టైటానియం తెలుపు వాడకం 1920ల నుంచే పెరిగింది. పటంలో ఇవి తేలితే అది అంతకు ముందుది కాదని చెప్పొచ్చు. లేనంత మాత్రాన పాతదని చెప్పలేం, సహజ రంగులు ఇప్పటికీ వాడుతున్నారు. పైగా కొత్త రంగు తర్వాత చేసిన మరమ్మతు కూడా కావొచ్చు.

కొంతమంది అల్ట్రావయొలెట్ టార్చి వేసి, గుడ్డ నీలంగా మెరిస్తే నకిలీ అని తేల్చేస్తారు. ఆ మెరుపు కొత్త గుడ్డకు వేసిన తెల్లదనం రసాయనాలది కావొచ్చు, నిజమే. కానీ పాత గుడ్డను డిటర్జెంట్‌తో ఉతికినా అదే మెరుపు వస్తుంది. అందుకే ఆ ఒక్క పరీక్షతో మంచి పటాన్ని వదులుకోకండి. ఇంకో మాట, పటాన్ని మడత పెట్టొద్దు. లావుపాటి గొట్టానికి చుట్టండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే చిరుగుతుంది.

కంచుపోత:
లోహం విషయంలో నా మొదటి మాట: తోమకండి! పులుపు పెట్టి తళతళలాడించిన బొమ్మను చూస్తే నాకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. చేతులు తగిలి తగిలి వచ్చిన ఆ నలుపూ నునుపూ మళ్లీ రావు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ చోట లోహం పోసేది మైనపు పోత. అందులో అచ్చు పగలగొట్టి బొమ్మను తీస్తారు కాబట్టి, అలా పోసే డోక్రా బొమ్మలు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. రెండు సగాల అచ్చు కలిసిన గీత పక్కల కనిపిస్తే అది వేరే పద్ధతిలో తీసిన నకలని అనుమానించాలి. గట్టిగా అంటుకున్న కిలుముతో భయం లేదు. లేత పచ్చగా పొడిలా రాలే మచ్చలుంటే అది క్లోరైడ్ల వల్ల వచ్చే జబ్బు, గాలిలో తేమ ఉంటే లోహాన్ని తినేస్తూ పోతుంది. తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో విడిగా పెట్టండి.

పాతగూడు:
అయితే మొత్తం బీరువాలోనే సిలికా జెల్ వేస్తే పోలా?

తోలుతెర:
వద్దండీ, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ జబ్బు పట్టిన లోహానికి గాలిలో తేమ 40 శాతం లోపు ఉండాలి. అంత పొడి గాలిలో కొయ్య పగుళ్లిస్తుంది, తోలు బిగుసుకుని వంకర తిరుగుతుంది. ఈ రెండింటికీ 50 శాతం దగ్గర్లో, హెచ్చుతగ్గులు లేకుండా ఉంటే చాలు. అందుకే లోహానిది వేరే గూడు. తోలుబొమ్మకు నూనె రాయకండి, మెరుపు కోసం క్రీములు అసలే వద్దు, తోలు నల్లబడి జిడ్డెక్కి దుమ్ము పట్టేస్తుంది. అట్ట మీద పరిచి చీకట్లో ఉంచండి. దీపం వెలుగులో ఎంత అందంగా ఉన్నా, వెనక బల్బు పెట్టి గోడకు శాశ్వతంగా తగిలించొద్దు. మ్యూజియాలు ఇలాంటి రంగుల మీద వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) మించనివ్వవు. వెలిసిన రంగు మళ్లీ రాదు.

నీలిపోగు:
తోలుతెర గారూ, కలరా ఉండల మాట కూడా చెప్పండి. చాలామంది అన్నిట్లోనూ వేసేస్తారు.

తోలుతెర:
అవి వేయకండి. కొన్ని ప్లాస్టిక్‌లను, రెసిన్లను మెత్తబరుస్తాయి, ఆ గాలి మనకూ మంచిది కాదు. నెలకోసారి బయటికి తీసి టార్చి వేసి చూడటమే మేలు. పాత ఆకుపచ్చ రంగుల్లో ఆర్సెనిక్, తెలుపులో సీసం ఉండొచ్చు, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

పాతగూడు:
మంచి మాట. మరి రేకు చిత్రాలు?

కంచుపోత:
అవి తగరం పూత పూసిన ఇనుప రేకులు, అయస్కాంతం పట్టుకుంటుంది. పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది కాబట్టి వాటిని పొడి గూట్లోకే చేర్చండి. తడిగుడ్డ తగలనివ్వకండి. కింద మొక్కు తీరిన కథ రాసి ఉంటుంది, చాలాసార్లు ఊరూ తేదీ కూడా ఉంటాయి. ఆ అక్షరాల రంగూ, పగుళ్లూ బొమ్మతో సరిపోతున్నాయో లేదో భూతద్దంతో చూడండి. తుప్పు మచ్చ మీదుగా అక్షరం నడిచిందంటే ఆ రాత తర్వాత చేర్చిందే.