టెలిగ్రాం మెసేజ్‌తో ఊళ్లో మోటార్ వేయడం: మంచిదేనా?

రిలే రాజా: నేను డల్లాస్‌లో, అమ్మానాన్న తెనాలిలో. నాన్న మోటార్ వేసి కట్టేయడం మర్చిపోతున్నారు. ట్యాంకు పొంగి పక్కింటివాళ్లతో గొడవ. అందుకే అక్కడ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దానికో రిలే (కంప్యూటర్ చెబితే ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్), టెలిగ్రాం బాట్ (మెసేజ్ చూసి పనిచేసే ప్రోగ్రాం) పెట్టాను. ఇక్కడ ‘ఆఫ్’ అని కొడితే అక్కడ ఆగుతుంది. మెసేజ్ వచ్చిందా అని ఆ కంప్యూటరే టెలిగ్రాంను అడుగుతుంటుంది కాబట్టి రౌటర్‌లో పోర్ట్ (బయటివాళ్లు లోపలికొచ్చే దారి) తెరవక్కర్లేదు. గీజర్‌కూ పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

స్టార్టర్ సూరి: ఆ చిన్న నీలం రిలే మీద 10 ఆంపియర్లని ఉంటుంది. నమ్మొద్దు. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఎన్ని ‘ఆఫ్’లు కొట్టినా ఆగదు.

రిలే రాజా: కాంటాక్టర్ (మోటార్ లోడ్ తట్టుకునే పెద్ద స్విచ్) ఉందండీ. రిలే ఆ స్విచ్‌ను లాగే కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది.

బండి శీను: ట్యాంకు నిండగానే మోటార్ ఆపే ఫ్లోట్ స్విచ్ పెడితే పోయేదిగా?

స్టార్టర్ సూరి: సరే, కాంటాక్టర్ ఉందనుకుందాం. నెట్ పోయినప్పుడు మీరు ‘ఆన్’ కొట్టారు. టెలిగ్రాం ఆ మెసేజ్‌ని 24 గంటల దాకా దాచిపెడుతుంది. నెట్ రాగానే మోటార్ లేస్తుంది. ఆ టైంలో నాలాంటోడు వైరు పట్టుకుని ఉంటే? మా వైపు కొడుకులు యూట్యూబ్ చూసి బిగించేసి ఫ్లైట్ ఎక్కుతారు. అర్ధరాత్రి ఫోన్లు మాత్రం నాకు. డబ్బులడిగితే ‘మా అబ్బాయి ఇస్తాడు’.

రిలే రాజా: ప్రతి మెసేజ్‌కీ టైం ఉంటుంది. నిమిషం దాటినవి నా కోడ్ వదిలేస్తుంది. నా చాట్ ఐడీ (టెలిగ్రాంలో నన్ను గుర్తించే నంబర్) కాకపోతే అసలు పట్టించుకోదు. మీ బాకీలకూ దీనికీ సంబంధమేంటి?

గుంటూరు కోడలు: గీజర్‌కు వద్దు. మా బావగారు సింగపూర్ నుంచి ఇలాగే చేశారు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని, నేను స్నానానికి వెళ్లాక ఆఫ్ చేస్తారు. పైగా ప్రతి ఆన్, ఆఫ్ ఫ్యామిలీ గ్రూపులో పడుతుంది. నేనెప్పుడు స్నానం చేశానో ఇంటిల్లిపాదికీ తెలియాలా?

రిలే రాజా: అది మీ బావగారి బుద్ధి. టెక్నాలజీ తప్పు కాదు.

స్టార్టర్ సూరి: ఒక్కటి చెప్పు బాబూ. గోడ మీద పాత స్విచ్ ఉందా, తీసేశావా?

రిలే రాజా: తీసేశాను. ఉంటే నాన్న మళ్లీ వేస్తారుగా.

స్టార్టర్ సూరి: అంటే ఆయన ఇంట్లో మోటార్ వేయాలంటే నీకు ఫోన్ చేయాలి. నువ్వు నిద్రపోతుంటే?

రిలే రాజా: నెలనెలా ఇంటి ఖర్చులన్నీ నేనే చూస్తున్నాను. ఆ మాత్రం కంట్రోల్ నాకు ఉండకూడదా?

గుంటూరు కోడలు: మా బావగారు కూడా అచ్చం ఇదే మాట అన్నారు.

స్టార్టర్ సూరి: డబ్బు పంపితే స్విచ్ పీకేస్తావా? కాంటాక్టర్ పక్కన మాన్యువల్ స్విచ్ పెట్టు. అరగంట పని.

రిలే రాజా: పెట్టను. నాన్నకు అలవాటవుతుంది.

బండి శీను: ఇంతకీ ఆయన్ని అడిగావా అన్నా?