చర్చ: గట్టి గుమ్మడికాయను కోయకుండా స్లో కుక్కర్‌లో పెట్టి ఉడికించడం సరైనదేనా?

ఆన్‌ఆర్బర్_వంటిల్లు

అందరికీ నమస్కారం. మిషిగన్‌లో సెప్టెంబర్ చివరికల్లా సంతల్లో ఎక్కడ చూసినా గట్టి తొక్క గుమ్మడికాయలే. బటర్‌నట్, ఎకార్న్, స్పెగెటి, కబోచా. వేసవిలో కాసి, తొక్క గట్టిపడ్డాక కోసి, చలికాలమంతా నిలవ ఉంచుకునే రకాలివి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పులుసుకీ, హల్వాకీ బటర్‌నట్‌నే వాడుతున్నారు.

కోయడం దగ్గరే గొడవ. తొక్కను బాగా రుద్ది కడిగి, కత్తి మొనతో నాలుగైదు చోట్ల గాట్లు పెట్టి, అరకప్పు నీళ్లతో కాయను అలాగే స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) పెట్టి మూత వేసేస్తాను. కిలో, కిలోన్నర కాయకి ‘లో’ మీద 6 నుంచి 8 గంటలు, ‘హై’ మీద 3 నుంచి 4 గంటలు. తర్వాత చెంచాతోనే తెరుచుకుంటుంది, గింజలు తీసేయొచ్చు. మా అత్తగారికి మణికట్టు నొప్పులు. ఈ పద్ధతి వల్లే ఆవిడ మళ్లీ తనంతట తాను గుమ్మడికాయ వండుకోగలుగుతున్నారు.

మా తెలుగు బృందంలో కొందరు మాత్రం ఇది వంటే కాదు, రుచి చచ్చిపోతుంది, పైగా లోపల ఏముందో చూడకుండా ఉడకబెట్టడం తప్పు అంటున్నారు. నేను కోయకుండా వండే పక్షమే. మీరేమంటారు? కారణాలతో చెప్పండి.

దప్పళం_పక్షం

నేను పూర్తిగా వ్యతిరేకం. మన వంటలో గుమ్మడికాయకి విలువ తెచ్చేది ముక్క. దప్పళంలో ముక్కని తొక్కతోనే ఎందుకు వేస్తాం? ఉడికినా విడిపోకుండా నిలబడాలని. ముందు ముక్కలు ముప్పాతిక వంతు ఉడికాక చింతపండు పులుసు పోస్తాం. పులుపు తగిలితే కూరగాయ మెత్తబడటం నెమ్మదిస్తుంది కాబట్టి ఆ తర్వాత ముక్క చెదరదు, పులుసు మాత్రం లోపలికి పడుతుంది. ఎనిమిది గంటలు ఆవిరిలో నానిన కాయ నుంచి అలాంటి ముక్క ఎలా వస్తుంది? గరిటె తగిలితే చిదిగిపోతుంది. ఆవపెట్టిన కూర సంగతి సరేసరి.

అసలు స్లో కుక్కర్ పుట్టిందే చిక్కుడు గింజల కోసం. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన 1940లో పేటెంట్ తీసుకున్నారు. ఆయన అమ్మమ్మ లిథువేనియాలో గింజలతో చేసే యూదుల వంటకం చోలెంట్‌ని రాత్రంతా పొయ్యిలో ఉంచి వండేవారని తల్లి చెప్పేవారట, దానికి మార్గంగా ఆలోచించిన గిన్నె. తర్వాత రైవల్ కంపెనీ దాన్ని 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. గింజలకీ మాంసానికీ ఆ వేడి సరిపోతుంది. తనలోనే బోలెడు నీరున్న కాయకి అదే వేడి ఎందుకు?

నైట్_డ్యూటీ

నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో నర్సుని. రుచి గురించి మీరు వాదించుకోండి, చేతుల గురించి నేను చెబుతాను. గుండ్రంగా, జారుతూ, రాయిలా ఉండే కాయ మీద మొద్దు కత్తి పెట్టి బలంగా అదమడం కంటే ప్రమాదకరమైన పని వంటింట్లో తక్కువ. కత్తి సగంలో ఇరుక్కుంటుంది, దాన్ని లాగేటప్పుడు రెండో చేతి మీదకి వస్తుంది. వేలి నరం తెగితే నెలల తరబడి బాధ. ఎకార్న్ మరీ దారుణం, దాని గాడుల్లో కత్తి నిలవదు.

కోసి వండాలనుకునే వాళ్లు కూడా ముందు కాయని ఒక గంట ‘హై’ మీద ఉంచండి. తొక్క లొంగుతుంది. చల్లారాక కోసి, ఆపైన మీ ఇష్టం వచ్చినట్టు వండుకోండి. నా దృష్టిలో అసలు లాభం ఇదే, ఎవరూ చెప్పరెందుకో.

ల్యాబ్_కోటు

రెండు పక్షాలూ కొంత కొంత నిజమే చెబుతున్నాయి. ఆహార పరిశ్రమలో పనిచేస్తున్న అనుభవంతో కొంచెం వివరంగా రాస్తాను.

మొదట రుచి. స్లో కుక్కర్‌లో ‘లో’ అన్నా ‘హై’ అన్నా చివరికి చేరేది దాదాపు ఒకే వేడి, నీరు మరిగే స్థాయికి కాస్త కింద. తేడా అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందన్నదే. ఆ మూత కింద కాయ ఎప్పటికీ 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. కాల్చిన గుమ్మడికాయకి వచ్చే ఎర్రటి అంచు, కమ్మటి వాసన రావాలంటే పైపొర ఎండి 140 డిగ్రీలు దాటాలి. 200 డిగ్రీల ఓవెన్‌లో కోసిన ముఖం మీద జరిగేది అదే. కాబట్టి కోయని కాయలో ఆ రుచి లేదన్న మాట అక్షరాలా నిజం. ఎంతసేపు ఉంచినా రాదు.

రెండోది నీరు. పచ్చి బటర్‌నట్‌లో సుమారు 86 శాతం నీరే. ఎకార్న్‌లో 88, స్పెగెటి స్క్వాష్‌లో దాదాపు 92. ఓవెన్‌లో ఇది కొంత ఎగిరిపోయి తీపి చిక్కబడుతుంది. మూత వేసిన గిన్నెలో ఎక్కడికీ పోదు. అందుకే గిన్నెలో మీరు పోసినదానికంటే ఎక్కువ నీరు తేలుతుంది. అరకప్పు కూడా అక్కర్లేదు, అడుగు తడిస్తే చాలు.

మూడోది మెత్తదనం. కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ 85 డిగ్రీలు దాటాకే బాగా కరుగుతుంది. దానికి ముందు, 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే ఒక ఎంజైమ్ పనిచేసి ఆ గోడల్ని ఇంకా గట్టిపరుస్తుంది. క్యారెట్, ఆలుగడ్డల్లో ఇది బాగా తెలిసిన విషయమే, డబ్బా కూరగాయల పరిశ్రమ కావాలనే వాడుకుంటుంది. పెద్ద కాయని ‘లో’ మీద పెడితే వేడి మధ్యకి చేరేలోపు ఆ దశలో చాలాసేపు గడుస్తుంది. అందుకే కోయని కాయకి మొదటి గంటో రెండు గంటలో ‘హై’ మేలని నా అభిప్రాయం.

కరెంటు ఆదా అని మాత్రం వాదించకండి. 250 వాట్ల కుక్కర్ 8 గంటలకి 2 యూనిట్లు తీసుకుంటుంది. ఓవెన్ గంటకి తీసుకునేదీ ఇంచుమించు అంతే. వేసవిలో ఇల్లు వేడెక్కదు, అది వేరే లాభం.

అమీర్‌పేట_అత్తయ్య

అమ్మాయ్ వంటిల్లూ, నాకొక సందేహం. ఇక్కడ హైదరాబాద్‌లో రైతు బజారుకి వెళ్తే తీపి గుమ్మడికాయని కోసి, కావలసినంత ముక్క తూచి ఇస్తారు. ఇంట్లో నిండు కాయ కోసే అవసరమే తక్కువ. పైగా నిండు గుమ్మడికాయకి మొదటి గాటు మగవాళ్లే పెట్టాలని మా ఇళ్లలో ఇప్పటికీ పాటిస్తారు. నేనూ పాటిస్తాను, అందులో నాకు ఇబ్బందేమీ లేదు. ముక్కలు చేశాక ప్రెషర్ కుక్కర్‌లో రెండు విజిల్స్. పది నిమిషాల పనికి ఎనిమిది గంటలెందుకమ్మా?

ఆన్‌ఆర్బర్_వంటిల్లు

అత్తయ్యగారూ, ఇక్కడ కూడా కోసి, తొక్క తీసిన ముక్కలు ప్యాకెట్లలో దొరుకుతాయి. కానీ ధర చాలా ఎక్కువ, రెండు మూడు రోజుల్లో అంచులు జిగురెక్కుతాయి. నిండు బటర్‌నట్ చల్లటి గదిలో రెండు మూడు నెలలు ఉంటుంది. మన 5 లీటర్ల కుక్కర్‌లో పొడవాటి కాయ నిలువునా పట్టదు, అడ్డంగానూ పట్టదు. కోలగా ఉండే 6 క్వార్ట్‌ల (దాదాపు 5.7 లీటర్ల) స్లో కుక్కర్‌లో హాయిగా పడుకుంటుంది. పొద్దున పెట్టి ఆఫీసుకి వెళ్లిపోతే విజిల్ లెక్కపెట్టే టెన్షన్ లేదు. నాకు కావలసింది వేగం కాదండీ, నేను పక్కన లేకపోయినా జరిగిపోవడం.

ఒక జాగ్రత్త: కాయ మూతకి తగిలి మూత లేచి ఉంటే ఆవిరంతా పోతుంది. అలాంటి కాయ వద్దు, చిన్నది తెచ్చుకోండి.

ఒహాయో_తోట

ఇంతమంది మాట్లాడారు, చేదు గురించి ఒక్కరూ ఎత్తలేదు. నాకు దీని మీద గట్టి పట్టుదల ఉంది.

మన ఇళ్లలో దోసకాయ, బీరకాయ, సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూస్తారు. చేదుంటే అవతల పారేస్తారు. అది చాదస్తం కాదు. ఈ కుటుంబపు కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, ఇంకా తీవ్రమైన ఇబ్బందులు వస్తాయి. ఉడికిస్తే అది పోదు. కాయని కోయకుండా కుక్కర్‌లో పెడితే ఆ రుచి చూసే అవకాశం చివరిదాకా రాదు.

అంగడిలో కొన్న కాయల్లో ఈ సమస్య చాలా అరుదు. తోటలో దానంతటదే మొలిచిన పాదు, లేదా ఇంట్లో దాచుకున్న గింజలతో వేసిన పాదు దగ్గరే భయం. ఎకార్న్, స్పెగెటి స్క్వాష్‌లు ఒకే జాతి, కుకుర్బిటా పెపో. శరదృతువులో గుమ్మం ముందు అలంకారానికి పెట్టే రంగురంగుల చిన్న గుమ్మడికాయల్లో చాలా భాగం ఆ జాతివే. తేనెటీగలు వాటి పుప్పొడిని ఇటు తెస్తే ఆ ఏడాది కాయకి ఏమీ కాదు. దాని గింజ నాటితే, తర్వాతి ఏడాది కాయ చేదు కావచ్చు. బటర్‌నట్ వేరే జాతి, కుకుర్బిటా మోస్కాటా. మన ఊళ్లలో పండే తీపి గుమ్మడి కూడా ఎక్కువగా ఆ జాతే. అందుకే పులుసులో బటర్‌నట్ అంత బాగా ఇమిడిపోతుంది.

నా నియమం ఇది: కొన్న కాయని కోయకుండా పెట్టుకోవచ్చు, తెరిచిన వెంటనే చిటికెడు రుచి చూడాలి, ఆ తర్వాతే మిగతావాటిలో కలపాలి. ఎవరో ఇచ్చిన కాయ, ఏ పాదుదో తెలియని కాయ అయితే కోసి తీరాలి.

నైట్_డ్యూటీ

తోట గారు చెప్పినదానికి పూర్తి మద్దతు. ఇంకొకటి కలుపుతాను. గాట్లు పెట్టే ముందే కాయని కడగాలి. తొక్క మీది మట్టిని కత్తి మొన లోపలికి తీసుకెళ్తుంది, పైగా స్లో కుక్కర్ నెమ్మదిగా వేడెక్కుతుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి కదా. కుళాయి కింద బ్రష్‌తో రుద్దితే చాలు, సబ్బు వద్దు. ఉడికాక కుక్కర్ ఆపేసి రాత్రంతా వదిలేయకండి, రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టండి.

దప్పళం_పక్షం

చేదు గురించిన మాట నా వాదనకే బలం. సరే, రుచి సంగతే మాట్లాడతాను. స్పెగెటి స్క్వాష్‌ని కోయకుండా ఉడికించేవాళ్లకి ఒక విన్నపం. ఉడికాక దాని కండ నూలు పోగుల్లా విడిపోతుంది. ఆ పోగులు కాయ చుట్టూ తిరిగి ఉంటాయి, నిలువుగా కాదు. అడ్డంగా చక్రాల్లా కోసి ఓవెన్‌లో పెడితే పొడవాటి పోగులు వస్తాయి, పొడిగా ఉంటాయి, పోపు వేస్తే పట్టుకుంటుంది. 92 శాతం నీరున్న కాయని మూత కింద ఉడికిస్తే మిగిలేది తడిపీచు.

డల్లాస్_నాన్న

మా పాపకి ఎనిమిదో నెల. బటర్‌నట్ గుజ్జు పెడుతున్నాం, ఈ పద్ధతిలోనే చేస్తున్నాం, చాలా మెత్తగా వస్తోంది. ఒకేసారి ఎక్కువ చేసి గాజు సీసాల్లో మూత బిగించి, మరిగే నీళ్లలో పెట్టి అలమరలో దాచుకోవచ్చా?

ల్యాబ్_కోటు

వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. గుమ్మడికాయలో పులుపు లేదు. గాలి చొరని సీసాలో బోట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరగొచ్చు, మరిగే నీటి వేడికి దాని బీజాలు చావవు. ప్రెషర్ క్యానర్ (ఆహారాన్ని సీసాల్లో నిలవపెట్టడానికి వాడే ప్రెషర్ గిన్నె) ఉన్నా గుజ్జుకి పనికిరాదు. చిక్కటి గుజ్జు మధ్యకి వేడి సమంగా చేరదు కాబట్టి అమెరికా వ్యవసాయ శాఖ ముక్కల్ని మాత్రమే సీసాల్లో పెట్టమంటుంది, గుజ్జుని కాదు. ఐస్ ట్రేల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, గడ్డకట్టాక సంచిలోకి తీసుకోండి. పాపకి పూటకి రెండు గడ్డలు సరిపోతాయి.

ఆన్‌ఆర్బర్_వంటిల్లు

దప్పళం గారూ, పులుసు ముక్కకి ఇది పనికిరాదని ఒప్పుకుంటాను. ఆవకూరకీ అంతే. కానీ హల్వాకి? ఎలాగూ తురిమి నేతిలో గంటసేపు కలుపుతాం. ఈ గుజ్జుని పలచటి గుడ్డలో వేసి ఓ గంట వేలాడదీస్తే నీరంతా దిగిపోతుంది, ఆ తర్వాత నేతిలో వేయించేటప్పుడు స్లో కుక్కర్‌లో రాని ఎరుపు మూకుడులో వస్తుంది. దిగిన నీరు పారబోయకండి, చారులో పోసుకోవచ్చు. గుమ్మడి బొబ్బట్ల పూర్ణానికి కూడా అదే గుజ్జు వాడతాను. గింజలు ఉప్పునీటిలో ఓసారి మరిగించి, ఆరబెట్టి వేయిస్తే పెంకు కరకరలాడుతుంది, కాయతోపాటు ఉడికినా చెడిపోవు.

దప్పళం_పక్షం

హల్వాకి సరే. నేతిలో వేయించే గంట మాత్రం మీరు కుక్కర్ పక్కన కాకుండా మూకుడు పక్కన నిలబడాలి, కాబట్టి తీరిక మిగిలిందన్న మాట ఒప్పుకోను. నా ఇంట్లో కాయ కోసే వండుతాం. కోయడానికి ముందు నైట్‌డ్యూటీ గారు చెప్పినట్టు గంట వేడి చేసే పద్ధతి మా అమ్మకి చెప్పాను, ఆవిడకి నచ్చింది.

ఒహాయో_తోట

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఈ నెలలో ఎకార్న్‌తో మొదలుపెట్టండి, అది నెలా నెలన్నరకి మించి నిలవదు. కబోచాని కోత తర్వాత కొన్ని వారాలు ఆగి వండండి, లోపలి పిండి పదార్థం చక్కెరగా మారి తీపి పెరుగుతుంది. బటర్‌నట్ జనవరిదాకా ఆగుతుంది.