చలికాలం రాత్రి రిఫరల్: వరంగల్ చేరేలోపు బిడ్డ చల్లబడకుండా ఏం చేయాలి?

ములుగు_సిస్టర్

అందరికీ నమస్తే. మాది ఏజెన్సీ వైపు చిన్న ఆసుపత్రి. రేడియంట్ వార్మర్ (పై నుంచి వేడినిచ్చే బల్ల) ఉంది, ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్ (బండిలో తీసుకెళ్లే వెచ్చని పెట్టె) లేదు. నెలలు నిండకుండా పుట్టినోళ్లను, బరువు తక్కువున్నోళ్లను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాలి. ఏటూరునాగారం దగ్గరి నుంచైతే దాదాపు వంద కిలోమీటర్లు. డిసెంబర్, జనవరిలో తాడ్వాయి అడవి దారిలో చలి ఎట్లుంటదో తెలిసిందే. ఇక్కడ బయల్దేరేటప్పుడు ఒంటి వేడి 36.8 డిగ్రీలు ఉన్న బిడ్డ అక్కడ దిగేసరికి 35.4కు పడిపోతోంది. దూది, టోపీ, రెండు దుప్పట్లు చుట్టే పంపుతున్నాం. వేడి ఎక్కడ పోతున్నట్టు? గ్లౌజుల్లో వేడినీళ్లు నింపి పక్కన పెట్టొచ్చా?

పిల్లల_డాక్టర్_హనుమకొండ

సిస్టర్, ముందు గ్లౌజుల సంగతి: వద్దు. వేడినీళ్ల సీసాలూ వద్దు. నెలలు నిండని బిడ్డ చర్మం చాలా పల్చన, ఆనుకున్న చోట కాలిపోతుంది. అరగంటకు ఆ నీళ్లు చల్లారాక అదే గ్లౌజు బిడ్డ ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

ఇక దుప్పట్లు. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని ఆపుతుందంతే. పెద్దవాళ్లలా ఈ పిల్లలు వణికి వేడి పుట్టించుకోలేరు. మెడ వెనక, భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకోవాలి. నెలలు నిండనివాళ్లలో అది తక్కువ. పైగా అది కరగాలంటే ఆక్సిజన్, గ్లూకోజ్ రెండూ ఖర్చవుతాయి. అందుకే చల్లబడ్డ బిడ్డకు షుగర్ పడిపోతుంది, ఆయాసం పెరుగుతుంది. కాబట్టి చుట్టడంతో సరిపోదు, పక్కన వేడినిచ్చేది ఒకటుండాలి. మీ దగ్గర ఇంక్యుబేటర్ లేదు కనుక అది తల్లి ఛాతీయే. బిడ్డ ఊపిరి నిలకడగా ఉంటే కంగారూ పద్ధతిలోనే, అంటే ఛాతీకి కట్టి పంపండి. ముక్కు గొట్టంతో కొద్దిగా ఆక్సిజన్ నడుస్తున్నా ఫర్వాలేదు. అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) అవసరమయ్యే బిడ్డకు, ఊపిరి ఆగి ఆగి తీసుకునే బిడ్డకు మాత్రం కుదరదు.

బిడ్డకు డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఇంకేం వద్దు. రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి నొక్కుకోకుండా కొంచెం పైకి ఉంచాలి. కాళ్లు కప్పలా మడిచి ఉండాలి. కట్టే గుడ్డ పై అంచు సరిగ్గా బిడ్డ చెవి కిందికి రావాలి: అంతకంటే కిందుంటే తల వాలిపోయి ఊపిరి గొట్టం మూసుకుంటుంది, పైకెక్కితే ముక్కు మూసుకుపోతుంది. దానిమీద తల్లి చీర, ఆపైన దుప్పటి. ముఖం ఎప్పుడూ కనపడుతుండాలి.

బయల్దేరే ముందు చంకలో 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. 36 లోపు ఉంటే వార్మర్ కింద వేడెక్కించాకే బండి ఎక్కించండి. ఆ సేపట్లో ఊపిరి, షుగర్ చూస్తుండాలి. షుగర్ 45 మి.గ్రా. కంటే తక్కువైతే, పాలు తాగలేని బిడ్డకు 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం) కిలోకు 2 మి.లీ. చొప్పున ఐవీ, అంటే నరంలోకి. ఒక్కసారి ఇచ్చి వదిలేస్తే దారిలో మళ్లీ పడిపోతుంది, డ్రిప్ నడిపిస్తూనే తీసుకెళ్లాలి.

పాదరసం థర్మామీటర్‌ను నమ్మకండి, అందులో గుర్తులు 35 దగ్గరే మొదలవుతాయి. 33 ఉన్న బిడ్డకు కూడా "35" అని రాసుకుంటాం. 32 దాకా చూపే డిజిటల్‌ది పెట్టుకోండి. నుదుటికి గురిపెట్టే గన్ అసలే వద్దు.

ఈఎంటీ_భూపాలపల్లి

సార్ చెప్పినదానికి బండి వైపు నుంచి నాలుగు మాటలు అక్కా. వేడి ఎక్కువగా పోయేది వార్డు గుమ్మం నుంచి బండి తలుపు దాకా, మళ్లీ అక్కడ దిగేటప్పుడు. ఫోన్ రాగానే పైలట్‌కు (అంబులెన్స్ డ్రైవర్‌కు) చెప్పి ఇంజన్ ఆన్‌లో పెట్టించి, హీటర్ ఉంటే వేయించి, వెనక క్యాబిన్ 26 డిగ్రీల దాకా వచ్చాకే బిడ్డను తేవాలి. గోడ గడియారం లాంటి రూమ్ థర్మామీటర్ ఒకటి లోపల తగిలిస్తే ఊహించే పని ఉండదు. ఏసీ, ఫ్యాన్ బంద్. కిటికీ అద్దం వేలెడంత తెరిచి ఉన్నా స్పీడుకు గాలి కోస్తుంది. స్ట్రెచర్ రెగ్జిన్ మంచులా ఉంటది, ముందే వెచ్చని గుడ్డ పరవండి.

ఆక్సిజన్ సంగతి చాలామందికి తట్టదు. సిలిండర్ నుంచి వచ్చేది చల్లగా, పొడిగా ఉంటుంది. హ్యుమిడిఫైయర్ సీసాలో నీళ్లు దాన్ని తడుపుతాయే గానీ వేడి చేయవు. అది గంటన్నర పాటు ముఖం మీద కొడుతుంటే బిడ్డ చల్లబడకుండా ఎట్లుంటది? నెలలు నిండని బిడ్డకు వేలి మీటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 90–95 శాతం మధ్య ఉండేటంతే ఇవ్వండి, అవసరానికి మించి లీటర్లు పెంచకండి.

ప్రతి అరగంటకు ఒకసారి పాదం, పొట్ట ముట్టి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పాదం చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చల్లబడటం మొదలైనట్టే, అక్కడే సర్దాలి. రెండూ చల్లబడితే ఆలస్యమైనట్టు.

బయోమెడికల్_కరీంనగర్

మీకు ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్ వస్తే గుర్తుంచుకోండి: చల్లటి పెట్టెను బ్యాటరీ మీద వేడి చేయబోతే దారి మధ్యలో బ్యాటరీ అయిపోతుంది. హీటర్ ఎక్కువ కరెంటు తినేది మొదట్లోనే. ఆసుపత్రిలో గోడ సాకెట్‌కు పెట్టి 30–45 నిమిషాలు వేడెక్కించి, బండిలోకి ఎక్కగానే బండి సప్లైకి మార్చాలి. బండి ఇన్వర్టర్ వాట్లు హీటర్‌కు సరిపోతాయో లేదో ముందే చూడండి. పుట్టిన మొదటి రెండు రోజుల్లో లోపలి గాలి ఒకటిన్నర కిలోల లోపు బిడ్డకు 35, రెండున్నర దాకా 34, ఆపైన 33 డిగ్రీలు.

ఇంకోటి. డిస్‌ప్లేలో 35 ఉన్నా బిడ్డ చల్లబడుతుంటే ఒంటిపొర హుడ్‌ను (పెట్టె మీది ఒకే పొర ప్లాస్టిక్ మూతను) అనుమానించండి. బయటి చలికి ఆ ప్లాస్టిక్ గోడ చల్లబడి, బిడ్డ ఒంటి వేడి దానివైపు పోతుంటుంది. హుడ్ మీద దుప్పటి కప్పి, ముఖం కనపడేంత మేర వదిలేయండి. పని ఏదున్నా చేతి రంధ్రాల్లోంచే, పెద్ద తలుపు తెరిస్తే లోపలి వేడంతా ఒక్కసారే పోతుంది. స్కిన్ మోడ్‌లో (బిడ్డ ఒంటి వేడిని బట్టి యంత్రమే వేడిని సర్దుకునేటప్పుడు) చర్మానికి అంటించిన ప్రోబ్ ఊడితే యంత్రం బిడ్డ చల్లబడిందనుకుని వేడి పెంచుతూ పోతుంది, ప్లాస్టర్ గట్టిగా ఉందో లేదో చూస్తుండాలి.

ములుగు_సిస్టర్

చాలా థ్యాంక్స్ సార్, అన్నా. రెండు సందేహాలు. తల్లికి సిజేరియన్ అయి రాలేకపోతే? 32 వారాల లోపు బిడ్డకు ప్లాస్టిక్ సంచి అంటారు కదా, అది ఎప్పుడు?

పిల్లల_డాక్టర్_హనుమకొండ

తల్లి రాలేకపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా సరే. ఒళ్లు వెచ్చగా ఉండి, జ్వరం, దగ్గు లేకపోతే చాలు. స్ట్రెచర్ మీద సగం వాలి కూర్చోబెట్టండి. బెల్టు నడుము దగ్గర, బిడ్డకు కిందుగా వేయాలి, బిడ్డ మీదుగా కాదు.

సంచి పుట్టిన క్షణంలోనే. తడి తుడవకుండా మెడ దాకా శుభ్రమైన పాలిథిన్‌లో పెట్టి, తల మాత్రం తుడిచి టోపీ వేసి, వార్మర్ కింద ఉంచాలి. ఒంటి తడి ఆవిరై పోవడాన్ని సంచి ఆపుతుంది, పై నుంచి వచ్చే వేడిని లోపలికి వదులుతుంది. తల్లి ఛాతీకి మార్చేటప్పుడు సంచి తీసి, ఒళ్లు పొడిగా తుడవాలి. పెద్దవాళ్లు బండెక్కే ముందు స్నానం పోయిస్తామంటారు, ఒప్పుకోకండి.

పుట్టగానే ఏడవని, ఊపిరాడని బిడ్డ విషయంలో జాగ్రత్త: ఒంటి వేడి 37.5 దాటితే మెదడుకు చేటు. ఇలాంటి బిడ్డను కావాలని చల్లబరిచే కూలింగ్ చికిత్స ఉందని విని దారిలో మీరే చల్లబరచకండి, అది 33.5 దగ్గర కొలుస్తూ చేసేది. తీసుకునే డాక్టర్‌కు ముందే ఫోన్ చేసి అడగండి. బయల్దేరినప్పుడు, దారిలో, దిగినప్పుడు ఉష్ణోగ్రత టైంతో సహా రిఫరల్ చీటీ మీదే రాసి పంపండి. ఎక్కడ పడిపోయిందో చూస్తే తర్వాతి బిడ్డకు ఎక్కడ సర్దాలో తెలుస్తుంది.