అమెరికా రొయ్యల నిషేధం తాబేళ్లను కాపాడుతోందా?

కోనసీమ_వనామీ:
తాబేళ్లకు హాని చేసే వలలతో పట్టిన సముద్రపు రొయ్యలు కొనకూడదని అమెరికాలో 1989 నుంచి 609వ సెక్షన్ ఉంది. మన వేట తాబేళ్లకు హాని చేయదని వాళ్లిచ్చే సర్టిఫికేషన్‌ను 2019లో తీసేసి తలుపు మూశారు. తాబేలు పేరు చెప్పి తమ బోట్లను కాపాడుకోవడం కాదా ఇది?

తీర్పుల_పిచ్చి:
అలా కొట్టిపారేయలేమండి. వలలో పడ్డ తాబేలు బయటపడేలా టెడ్ అనే పరికరం కట్టాలన్న నిబంధన వాళ్ల బోట్లకూ ఉంది. భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)కు వెళితే 1998లో అప్పీలు బెంచి తప్పుపట్టింది అమలు తీరునే. కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువు, మనకు నాలుగు నెలలు! అమెరికా అది సరిదిద్దాక 2001లో మలేసియా మళ్లీ వెళ్లి ఓడింది.

వల_పని:
తీర్పులు సరే, బోటు మీద సంగతి చూడండి. టెడ్ అంటే వల చివరి సంచికి ముందు ఏటవాలుగా కట్టే కడ్డీల చట్రం. అమెరికా లెక్కలో కడ్డీల సందు 4 అంగుళాలు దాటకూడదు, వాలు 30–55 డిగ్రీలు ఉండాలి. రొయ్య సందుల్లోంచి సంచిలోకి పోతుంది, తాబేలు కడ్డీలకు తగిలి ద్వారం గుండా బయటపడుతుంది. చట్రం మరీ నిటారైతే తాబేలూ చెత్తా దానికే అతుక్కుంటాయి. మరీ పడుకోబెడితే రొయ్యలు బయటికి. ద్వారం మీది మూత వల సాగిపోయినా అంతే. నాచు అడ్డుపడిన రోజు సరుకు కళ్లముందే పోతుంది. అందుకే ద్వారాన్ని కుట్టేస్తారు; అమెరికా బోట్ల మీదా ఇది పట్టుబడింది.

ఎగుమతి_లెక్క:
అసలు మెలిక వేరే. చెరువు రొయ్యకు ఈ నిషేధం లేదు. సరుకుతో పంపే డీఎస్-2031 ఫారంలో 'పెంపకం' గడి దగ్గర టిక్ పెట్టి పంపుతారు. అమెరికాకు మనం పంపేదంతా దాదాపు చెరువుల్లో పెంచే వనామీ రకమే. మరబోటు రొయ్యకు వేరే దేశాల్లో కొనేవాళ్లున్నారు. దెబ్బ తగలాల్సినవాడికి తగల్లేదు. చెరువు ఉప్పు పక్క వరిచేలోకి ఊరితే మాత్రం 609 అడగదు.

కోనసీమ_వనామీ:
మరి చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్స్ విషయంలో యూరోపియన్ యూనియన్ (ఈయూ) మాట ఎలా చెల్లింది?

ఎగుమతి_లెక్క:
2016లో వాళ్లు మన చెరువు రొయ్యల తనిఖీని 10 నుంచి 50 శాతం కన్సైన్‌మెంట్లకు పెంచారు. మందు అవశేషం రొయ్యలోనే దొరుకుతుంది కాబట్టి రేవులో పట్టుకోవచ్చు. వలలో చచ్చిన తాబేలు ఆనవాలు రొయ్యలో ఉండదుగా. అదంతా కాగితం మీద నమ్మకమే.

వల_పని:
ఒప్పుకుంటా. మన తూర్పు తీరంలో వేట విరామం ఏప్రిల్ 15న మొదలవుతుంది, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు ఒడ్డుకొచ్చేది అంతకుముందే, జనవరి–మార్చి నెలల్లో. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోటు వేట ఇప్పటికే నిషిద్ధం. ఆ మూడు నెలలూ దాన్ని గట్టిగా అమలు చేయడానికి వాషింగ్టన్ సర్టిఫికెట్ ఎందుకండి?